మాదాపూర్‌కి వెళ్ళిన మూడు తాటాకులు

పగటి బండి తెనాలికి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వస్తుంది. నేను పదకొండున్నరకే స్టేషన్‌కి చేరి ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాను. ప్రయాణమంటే నాకు మొదటినుంచీ బెరుకే. తాళం వేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి పోయే రకాన్ని. కానీ తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో ఆ రోజు నాకున్నది బెరుకు కాదు, నిఖార్సైన భయం. 

సంగతి చెబుతాను. బాపట్ల దగ్గర ఒక పల్లెలో మా గురువుగారు పశువైద్యం చేసేవారు. వాళ్ళ తాతగారి నాటి తాటాకు కట్ట ఒకటి ఆ ఇంట్లో ఉండేది. పశువుల రోగాలు, వాటి మందులు అందులో రాసి ఉంటాయి. గురువుగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కూతురు అన్నపూర్ణక్కయ్య సర్కారు బడిలో టీచరు. హైదరాబాదులో కొత్తగా లేచిన హైటెక్ సిటీలో ఒక కంపెనీ వాళ్ళు పాత తాళపత్రాలను కంప్యూటర్లోకి ఎక్కించి భద్రం చేస్తున్నారని విని, ఇంట్లో చెదలపాలు కావడమెందుకని ఆ కట్ట వాళ్ళకిచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టింది. ఇది మా పూర్వీకులది, అంతా పాతదే, మధ్యలో ఎవరూ ఏమీ చేర్చలేదు అని దాని సారాంశం. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. కట్టలో మూడు ఆకులు నకిలీవని అనుమానంగా ఉంది, పదిహేను రోజుల్లో వచ్చి సంజాయిషీ చెప్పుకోకపోతే మోసం కింద పోలీసు ఫిర్యాదు ఇస్తాం అని. సర్కారు ఉద్యోగి మీద కేసు పడితే సస్పెన్షన్ ఖాయం. అక్కయ్యకి ఇంకా మూడేళ్ళ సర్వీసుంది.

తెనాలిలో నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సుకి ఆ ఉత్తరం పట్టుకుని తనే వచ్చింది. "నాన్న దగ్గర గంటం పట్టినవాళ్ళలో నువ్వొక్కడివే మిగిలావురా శేషూ. నువ్వొచ్చి చూసి, ఇది పాతదేనని ఒక్క మాట చెప్పు, చాలు" అంది.

వస్తానన్నాను. రానని ఏ మొహంతో అంటాను? ఆ మూడు ఆకులూ రాసింది నేనే.

బండి ఒంటిగంటా ఇరవైకి వచ్చింది. బాపట్లలో ఎక్కిన అక్కయ్య కిటికీ పక్కన నాకు చోటు ఆపి ఉంచింది. ఎక్కీ ఎక్కగానే పులిహోర పొట్లం చేతిలో పెట్టింది. నా మొహం చూసి, ఏవిట్రా జ్వరమా అని అడిగింది. ఎండ అన్నాను. ఫిబ్రవరిలో ఎండేవిటని ఆవిడ నవ్వింది.

బెజవాడలో బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. మంచినీళ్ళు అక్కడే పట్టుకోవాలి, తరవాత ఖమ్మం దాకా దొరకవు. అక్కడ మా ఎదుటి సీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. రిటైరైన హెడ్ కానిస్టేబులట. నా అదృష్టం అలాంటిది, పెట్టె నిండా మనుషులుండగా నా ఎదుటికి పోలీసే వచ్చాడు. అక్కయ్యకి ఏదీ దాచుకునే అలవాటు లేదు. కొండపల్లి దాటేలోగా ఉత్తరం సంగతంతా ఆయనకి చెప్పేసింది.

ఆయన తాపీగా విని, "సంతకం ఎవరిదండీ?" అన్నాడు.

"నాదేనండీ."

"అయితే ముందు మీరేనండి. రాసినవాడు ఎప్పటికి దొరుకుతాడో ఏమో. సంతకం పెట్టినవాళ్ళు చిరునామాతో సహా దొరుకుతారు."

అని నావైపు తిరిగి, వీరెవరు అన్నట్టు చూశాడు. మా తరఫు సాక్షి అని అక్కయ్య గర్వంగా చెప్పింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు రెండూ ఒళ్ళో దాచుకున్నాను. ఆయన మధిరలో దిగిపోయేదాకా ఆ చేతులు బయటికి తీయలేదు.

ఖమ్మం దాటాక అక్కయ్య కునుకు తీసింది. చదివేవాళ్ళకి ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. తాటాకు ఎంత జాగ్రత్తపడినా నూరు, నూటయాభై ఏళ్ళకి జీర్ణిస్తుంది. పాడైన ఆకులో ఉన్నదాన్ని ఇంకో ఆకు మీదికి ఎక్కించి, దాన్ని అదే చోట కట్టలో పెడతారు. పాత ఆకుకి పసుపూ కుంకుమా పెట్టి నీళ్ళలో వదిలేస్తారు. మనిషికి చేసినట్టే. గురువుగారి కట్టలో మూడు ఆకులకి చెదలు పట్టినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. వాళ్ళింట్లోనే ఉండి రాత నేర్చుకుంటున్నాను. అక్కయ్య అప్పుడు టీచరు ట్రైనింగుకని ఊళ్ళో లేదు. ఆయనకి అప్పటికే చూపు మందగించింది. కట్ట చివర రక్షణకని ఉంచే ఖాళీ ఆకులు కొన్ని ఉంటాయి. వాటిలో మూడు తీసి నాకిచ్చారు. పురుగు తిన్నచోట నీ సొంతం రాయకు, చుక్కలు పెట్టి వదిలెయ్యి అని మరీ మరీ చెప్పారు. ఆ మూడూ రాశాను, అక్షరాలు కనబడేలా మసి పూశాను, పాతవాటిని ఇద్దరం వెళ్ళి కాలువలో వదిలి వచ్చాం.

ఇందులో నేరమేమీ లేదు. అంతవరకైతే నాకింత భయం ఎందుకు? రెండో ఆకులో ఎద్దుల కడుపుబ్బరానికి మందు ఉంది. అందులో వసనాభి అనే విషపు దుంప పడుతుంది. అది ఎంత వేయాలో చెప్పే చోటు చెద తినేసింది. చుక్కలు పెట్టాలి. కానీ అంతకు ముందు ఆకులోనే ఏడు చోట్ల చుక్కలు పెట్టి ఉన్నాను. ఇంకా చుక్కలైతే, నీకు చదవడం చేతకావడం లేదురా అంటారేమోనని భయపడ్డాను. మిగిలిన గీతల ఆనవాలు చూసి, మూడు గురిగింజల ఎత్తు అయి ఉంటుందని అనుకున్నాను. అనుకున్నది రాసేశాను. ఆ వేసవిలోనే ప్రెస్సులో ఉద్యోగం దొరికి తెనాలి వచ్చేశాను. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దుతున్నాను, ఆ ఒక్క మాట దిద్దలేదు.

ఇప్పుడది కంప్యూటర్లోకి ఎక్కుతుందట. దేశదేశాలవాళ్ళు చూస్తారట. నోరు విప్పితే నేను పోతాను, విప్పకపోతే అక్కయ్య పోతుంది. కుడితిలో పడ్డ ఎలుక నయం, దానికి కనీసం ఈదడం తప్ప ఆలోచించే పని లేదు.

రాత్రి తొమ్మిదికి సికింద్రాబాదులో దిగాం. స్టేషన్ ఎదురుగా సందులో లాడ్జీలో రెండు గదులు తీసుకున్నాం. శుభ్రంగానే ఉన్నాయి గాని దోమలు జాస్తి, ఓడోమాసు వెంట తెచ్చుకోవడం మంచిది.

మర్నాడు ఏడున్నరకి ఇడ్లీ తిని సిటీబస్సులో అమీర్‌పేట దాకా వెళ్ళాం. అక్కడినుంచి మాదాపూర్‌కి బస్సులు తక్కువ, ఆటోనే దిక్కు. ఆటో అతనిది పాలమూరు వైపు. భార్యాభర్తలిద్దరూ ఆ వైపు బిల్డింగుల్లో రాళ్ళు మోయడానికి వచ్చారట, తరవాత ఇతను కిరాయి ఆటో పట్టాడట. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక ఇళ్ళు పల్చబడ్డాయి. రోడ్డుకి రెండువైపులా ఏనుగులంత బండరాళ్ళు. ఒక మలుపులో ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఆటోని ఆపేశాడు. రెండు నిమిషాలకి భూమి అదిరేటట్టు పేలింది. నేను అక్కయ్య చెయ్యి పట్టుకున్నాను.

"ఫికర్ చేయకుండ్రి సార్, గుట్ట పగులగొడుతుండ్రు. దినాం ఇదే లొల్లి. రెండేండ్ల కింద ఈడ నక్కలు తిరుగుతుండె" అన్నాడు ఆటో అతను.

తొమ్మిదీ నలభైకి ఆ గుండ్రటి అద్దాల భవనం ముందు దిగాం. చుట్టూ ఇంకా గుట్టలూ తుప్పలే, మధ్యలో అది నిలబడి ఉంది. గేటు దగ్గర మెదక్ జిల్లా మనిషి ఒకాయన రిజిస్టరులో పేర్లు రాయించుకున్నాడు. వచ్చిన పని అనే గడిలో ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. అక్కయ్యే తీసుకుని 'తాటాకులు' అని రాసింది. ఆయన అది చదివి మావైపు జాలిగా చూసి, మెడలో వేసుకోమని చెరొక బిళ్ళ ఇచ్చాడు.

కంపెనీ గది చల్లగా ఉంది. వెళ్ళేవాళ్ళు శాలువా తీసుకెళ్ళాలి. అక్కడ ఆకుల్ని పరీక్షించేది డాక్టర్ స్టెల్లా. గుంటూరు అమ్మాయి, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. తాళపత్రాల మీదే పరిశోధన చేసిందట. ఆవిడ పక్కన ఒక కుర్చీలో కంపెనీ తరఫు మేనేజరు కూర్చున్నాడు. ఆయన వచ్చినప్పటినుంచీ గడియారమే చూసుకుంటున్నాడు. ఆయన ముందున్న ఫైలు పైన ఫిర్యాదు కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. పైనున్న అక్కయ్య పేరు నాకు తలకిందులుగా కనిపించింది.

గురువుగారి కట్ట తెల్లగుడ్డ మీద పరిచి ఉంది. ముప్ఫై ఏళ్ళ తరవాత నా అక్షరాలు చూశాను. 

స్టెల్లా గొంతు పెంచకుండా, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పుకొచ్చింది. పురుగు కట్టని తొలిచేటప్పుడు ఒక ఆకుతో ఆగదు, వరసగా తొలుచుకుపోతుంది. కాబట్టి ఆకుల్ని వరసలో పేర్చి ఆ బెజ్జంలో సూది దూర్చితే అన్నిటిలోంచీ దిగాలి. ఆవిడ దూర్చి చూపించింది. ఇరవయ్యో ఆకు దాకా దిగిన సూది ఇరవై ఒకటో ఆకు మీద టక్కున ఆగింది. ఆ మూడింటిలో బెజ్జాలు ఇంకెక్కడో ఉన్నాయి. పైగా అసలు ఆకుల్లో బెజ్జం అక్షరం మధ్యలోంచి పోయింది. ఈ మూడింటిలో అక్షరాలే బెజ్జాన్ని తప్పుకుని పక్కకి జరిగాయి. అంటే బెజ్జం ముందు, రాత తరవాత. భూతద్దం నాకిచ్చి గీత అంచులు చూడమంది. పచ్చి ఆకు మీద గంటం గీస్తే అంచు నున్నగా తెగుతుంది. ఎండిన ఆకు మీద గీస్తే చిట్లుతుంది. నా గీతలన్నీ చిట్లి ఉన్నాయి.

"నకిలీలు చేసేవాళ్ళు ఇలాగే చేస్తారండి. పాత ఆకు సంపాదించి కొత్తగా రాస్తారు. ప్రయోగశాలకి పంపినా ఆకు వయసు పాతదే వస్తుంది కదండీ" అంది.

అక్కయ్య కుర్చీలోంచి లేచింది. "మా నాన్న అలాంటివాడు కాదమ్మా. శేషూ, నువ్వు చెప్పరా" అంది.

 తలుపెటుందో ఒకసారి చూసుకున్నాను, అబద్ధమెందుకు. మేనేజరు ఫిర్యాదు కాగితం ముందుకి లాక్కున్నాడు. అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంది. అవి నేను రాశాను అన్నాను. అక్కయ్య నావైపు తిరిగిందని తెలుస్తోంది గాని నేను చూడలేదు. ఆకులు జీర్ణించిన సంగతీ, ఎక్కించే పద్ధతీ, కట్ట చివరి ఖాళీ ఆకులు వాడిన సంగతీ గబగబా చెప్పేశాను.

స్టెల్లా నా మూడు ఆకుల్నీ అక్కడినుంచి తీసి, కట్ట చివర మిగిలిన ఖాళీ ఆకుల పక్కన పేర్చింది. సూది దూర్చింది. ఎక్కడా ఆగకుండా కిందికంటా దిగిపోయింది. ఆకులు ఈ కట్టవేనండి అని మేనేజరుకి చెప్పింది. తరవాత ఒక ఖాళీ ఆకు ముక్కా, గంటమూ నా ముందు పెట్టి రాయమంది.

గంటం పట్టి ముప్ఫై ఏళ్ళు. ఎడమ బొటనవేలి గోరుకి చిన్న నొక్కు కోసుకుంటాం, గంటం ములుకు అందులో ఆనుతుంది. గంటం కదలదు, ఆకునే కదుపుతాం. నాకిప్పుడు ఆ గోరు లేదు. వేలి కండకే ఆనించి రెండు పంక్తులు రాశాను. ములుకు గుచ్చుకుని నెత్తురొచ్చింది. ఆవిడ రెండు రాతల్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసి, తలూపింది.

"ఇది మోసం కాదండి, జీర్ణించిన ఆకుకి బదులు రాసుకోవడం. పాత లేఖకులందరూ చేసినదే. మేడంగారికి తెలియక సంతకం పెట్టారు, అంతే" అంది. మేనేజరు ఊపిరి వదిలి ఫైలు మూశాడు. ఎవరో టీ తెచ్చారు. అక్కయ్య ఏడుస్తూనే నా వీపు మీద ఒకటి వేసి, ముందే చెప్పి చావచ్చు కదరా అంది. నాకు నవ్వొచ్చింది కూడాను. అంతటితో లేచి వచ్చేస్తే ఈ యాత్ర సుఖాంతం.

స్టెల్లా తన పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, మామూలుగా అడిగింది. "పాత ఆకులు నీళ్ళలో వదిలేశారు కాబట్టి పోల్చి చూడటానికి లేదండి. మీ మాటే ఆధారం. ఉన్నది ఉన్నట్టే ఎక్కించారు కదండీ? రాసుకుంటాను."

ఊఁ అంటే చాలు. ఊఁ అనే అక్షరం నా నాలుక మీదికి వచ్చింది కూడా. ఆవిడ నన్ను నమ్మి, పెన్ను కాగితం మీద ఆనించి, తలెత్తకుండా కూర్చుంది. ఎక్కడో ఎవరో ఆ ముక్క చదివి తన ఎద్దుకి వసనాభి పెడతాడు. ఆ మనిషి నాకు అప్పుడే కనిపించాడు, పేరూ ఊరూ తెలియకుండానే.

"లేదమ్మా. ఇరవై రెండో ఆకులో మందు ఎత్తు నేను ఊహించి రాశాను. అసలులో అక్కడ ఏమీ లేదు" అన్నాను.

స్టెల్లా పెన్ను పక్కన పెట్టింది. ఏ పంక్తో చూపించమంది. చూపించాను. ఆవిడ దాని మీద సన్నటి కాగితం ముక్క ఆనించి, మూడు ఆకులూ ప్రతులేననీ, ఇరవై రెండోదాన్ని నమ్మరాదనీ రాసింది. నాచేత ఒక వాంగ్మూలం రాయించి సంతకం తీసుకుంది. నా మీద ఏం చేస్తారని అడిగాను. "అది కంపెనీవాళ్ళు చూసుకుంటారండి. నేనైతే మీరు చెప్పింది చెప్పినట్టే రాస్తాను" అంది. అక్కయ్య పెట్టిన పాత సంతకం కాగితం తిరిగిచ్చేశారు. ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. 

తిరుగు ఆటోలో మాట లేదు. అమీర్‌పేటలో భోజనం చేశాం, మాట లేదు. సాయంత్రం లాడ్జీలో తన గది తలుపు వేసేసుకుంది. కోపమనుకున్నాను. కోపమే అయితే బాగుండేదని మర్నాడు తెలిసింది.

తిరుగు బండి పొద్దున్నే ఆరింటికి. వరంగల్లులో పూరీ తిన్నాం, బాగున్నాయి. డోర్నకల్ దాటాక అక్కయ్య కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"మూడు గురిగింజలని రాశావు, అవునా?"

అవునన్నాను.

"నువ్వు తెనాలి వెళ్ళిన ఏడు మా వీధిలో కోటయ్య ఎద్దుకి కడుపుబ్బింది. నాన్నకి ఆ మందు అంతకుముందు వాడిన అలవాటు లేదు. చూపు ఆనక నన్ను చదవమన్నాడు. మూడని చదివాను. మళ్ళీ చూడమ్మా, మూడేనా అన్నాడు. మూడే నాన్నా అన్నాను."

 ఆ తరవాత ఏమైందో అడగక్కర్లేదు, అయినా ఆవిడ చెప్పింది. ఎద్దు గంటలో కొట్టుకుని చచ్చింది. దుక్కుల రోజులు. వైద్యులుగారికి హస్తవాసి పోయిందని కోటయ్య వీధిలో నిలబడి అరిచాడట. గురువుగారు దాన్నే నమ్మారు. కట్ట కట్టేసి అటక మీద పెట్టించి, బతికినంతకాలం మళ్ళీ ఏ పశువునీ ముట్టుకోలేదు. నా చేతిలో ఏదో పోయిందమ్మా అనేవారట, ఎప్పుడూ చెయ్యి వంక చూసుకుంటూ.

నేను ఏడ్చాను. పెట్టెలో నలుగురూ చూస్తుంటే ఏడ్చాను. అక్కయ్య ఊరుకోమనలేదు. బెజవాడలో నీళ్ళు పట్టుకొచ్చి ఇస్తే మాత్రం తాగింది.

మా ప్రెస్సులో వాళ్ళు తరవాత అడిగారు, హైటెక్ సిటీ ఎలా ఉందని. అద్దాలు బాగున్నాయని చెప్పాను. నిజానికి నాకు గుర్తున్నది ఆ సూదే. వెళ్ళేటప్పుడు పోలీసు, ఫైలు, పేలుడు, ఏది చూసినా వణికాను. అవన్నీ నన్నేమీ చేయలేదు. చేయవలసినదంతా ముప్ఫై ఏళ్ళ కిందటే నేను ఇంకొకరికి చేసేశాను.

తెనాలి రెండింటికి వచ్చింది. నా టికెట్టు అక్కడిదాకే. సంచి తీసుకుని లేచి నిలబడ్డాను.

"కోటయ్య ఉన్నాడు. ఎనభై దాటాయి, చెవులు బాగానే వినిపిస్తాయి" అంది అక్కయ్య.

మళ్ళీ భయమేసింది.  బండి రెండు నిమిషాలు ఆగి కదిలింది, నేను కూర్చున్నాను. టీసీ వచ్చి బాపట్ల దాకా టికెట్టు రాసి, అపరాధం కూడా కట్టించుకున్నాడు. 

పొన్నూరు దాటాక, కోటయ్యతో ఎలా మొదలుపెట్టను అక్కయ్యా అన్నాను.

 ఆవిడ నా సంచి తీసి తన సంచి పక్కన పెట్టుకుంది.

"మందు చదివింది నేనని ముందు నేను చెబుతాను. రాసింది నువ్వని తరవాత నువ్వు చెప్పు" అంది.